లీపు ఏడాది పట్టు గౌను

మా అక్క థర్జా ఓబెడ్ పెటింగిల్‌ని తొలిసారి చూసిన రోజునే అతని తెరచాప మీద సిరా ఒలకబోసింది. ప్రేమకథలు గులాబీలతో మొదలవుతాయని రాసేవాళ్ళు మా మార్డెన్ రేవుకి ఎప్పుడూ వచ్చి ఉండరు. అమెరికా ఈశాన్య కొసన ఉన్న మా మెయిన్ తీరంలో అవి తారు వాసనతో మొదలై, సగానికి సగం జలుబుతో ముగుస్తాయి.

నా పేరు లవీనా. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, అక్కకి ఇరవై ఏడు. అమ్మానాన్నలు పోయాక మమ్మల్ని డోర్కస్ అత్త చేరదీసింది. అత్త పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే “పనుల్లో పడి మర్చిపోయానే” అనేది.

అక్క నవలలు రాసేది. సొంత పేరుతోనే రాసేది. బోస్టన్‌లో ఒక పత్రిక వాటిని నెలనెలా వేసేది. మా ఊరి ఆడవాళ్ళు అవి చదవదగ్గవి కావని చెప్పుకుంటూనే ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకుని చదివేవాళ్ళు. అక్క కథల్లో ఆడపిల్లలు గుర్రబ్బండి తామే తోలుకునేవాళ్ళు, పెళ్ళికొడుకు నచ్చకపోతే ఆ మాట మొహం మీదే చెప్పేవాళ్ళు. ఒక ఆదివారం పాస్టరు గారి భార్య అక్కని చర్చి మెట్ల మీద నిలదీసింది.

“నీ కథలు చదివి మా పిల్ల నాకు ఎదురు చెబుతోంది థర్జా!”

“అవునా? ఏమని చెబుతోందండీ?” అని అక్క ఆశగా పెన్సిల్ తీసింది.

ఆ శరదృతువులో అక్క నవలలోకి తెరచాపలు కుట్టేవాడొకడు రావలసి వచ్చింది. కళ్ళతో చూడనిది రాయదు కదా మహాతల్లి. రేవు దగ్గర డ్రింక్‌వాటర్ కెప్టెన్ నడిపే తెరచాపల మేడ ఎక్కుతానంది. ఆ మెట్లు ఆడది ఎక్కిన దాఖలా లేదు. ఒంటరిగా పంపడం ఇష్టంలేక అత్త నన్ను కాపలాగా తోలింది.

ఒక చేతిలో సిరాబుడ్డి, రెండో చేత్తో ఎత్తి పట్టుకున్న కుచ్చిళ్ళు, చంకలో కాగితాలు, జడలో కలం. అలా ఎక్కింది అక్క. పైన నేలంతా కొత్త కాన్వాసు పరిచి ఉంది.

“ఎవరది? ఆగండి! చాప తొక్కకండి!” అని ఎవరో గావుకేక పెట్టారు.

అక్క ఉలిక్కిపడింది. సిరాబుడ్డి జారింది. తెల్లటి చాప మీద నల్లటి చెరువొకటి తీరిగ్గా పరుచుకుంది.

కేక పెట్టిన మనిషి సూది ఉన్న చేత్తోనే తల పట్టుకున్నాడు. పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో, అరచేతికి తోలుపట్టీతో ఉన్నాడు. అతనే ఓబెడ్.

“అయ్యో, ఎల్లుండి ఓడెక్కాల్సిన చాప!”

“మీరు అరవకపోతే పడేది కాదు.”

“మీరు రాకపోతే నేను అరిచేవాణ్ణే కాదు. సిరాబుడ్డి చేత్తో పట్టుకుని మెట్లెక్కుతారా ఎవరైనా? జేబులో వేసుకోవచ్చుగా!”

“ఏ జేబులో?”

అతను అక్క గౌనుని పైనుంచి కిందిదాకా చూశాడు. అలా చూడకూడదని గుర్తొచ్చి ఎర్రబడ్డాడు.

“మీ కోటుకి ఎన్ని జేబులున్నాయి?” అంది అక్క.

“ఎప్పుడూ లెక్కపెట్టలేదు.”

“చూశారా, లెక్కపెట్టక్కర్లేనన్ని! నా గౌనుకి ఒక్కటీ లేదు. ఆడదానికి జేబులో వేసుకునేంత సొంత సరుకు ఏముంటుందిలే అని మీ మగాళ్ళ ధీమా.”

“నేను కుట్టలేదండీ బాబూ మీ గౌను!”

మూల కూర్చున్న డ్రింక్‌వాటర్ కెప్టెన్ పైపు తీసి పకపకా నవ్వాడు. “ఒరే ఓబెడ్, మరక పడ్డ ముక్క కోసేసి వేరేది వెయ్యి. ముందు ఆ అమ్మాయికి కుర్చీ వెయ్యి. నలభై ఏళ్ళలో ఈ మేడ మీద ఇంత మంచి పోట్లాట నేను చూళ్ళేదు.”

ఓబెడ్ మరక ముక్క కోసి తీశాడు. చెత్తలో వేశాడనే అందరం అనుకున్నాం.

ఆ శీతాకాలమంతా మేము ఆ మేడ మీదే ఉన్నాం. తేనెమైనం వాసన, పొయ్యి వెచ్చదనం, కిటికీ అవతల రేవు నిండా అడవిలా నిలబడ్డ ఓడల కొయ్యస్తంభాలు. ఇప్పుడు అక్కడ పొగ ఓడలు తప్ప ఏమీ లేవు, నాకు వాటి మీద గౌరవమూ లేదు.

అక్కకి ఒక అలవాటుండేది. కథలో మాటలు రాసేముందు వాటిని ఎవరిచేతనైనా పలికించి చూడాలి. మా పాలవాడు ఇద్దరు కథానాయకుల వేషం, ఒక హంతకుడి వేషం వేశాడు. ఇప్పుడు ఆ ఖర్మ ఓబెడ్‌కి పట్టింది.

“ఇప్పుడు నేను కోపంగా వెళ్ళిపోతున్నాను. మీరు నన్ను ఆపాలి.”

“ఎలా ఆపాలండీ?”

“మీకు ఎలా తోస్తే అలా.”

అక్క విసవిసా తలుపుదాకా వెళ్ళింది. ఓబెడ్ బుర్ర గోక్కున్నాడు.

“బయట వాన పడుతోందండీ. గొడుగు తీసుకెళ్ళండి.”

అక్క ఆగిపోయింది. ఆమె తలుపు వైపే తిరిగి ఉంది, మొహం అతనికి కనబడలేదు కానీ నాకు కనబడింది. “ఇంత మంచి మాట నాకు తట్టలేదు,” అని గొణిగి రాసుకుంది.

ఇంకో రోజు అతనే అడిగాడు. “మీ కథల్లో మగాడు వచ్చి పెళ్ళికి అడిగితే మీకంత కోపమెందుకండీ?”

“అడిగితే కోపం లేదు. అతను అడిగేదాకా ఆడది చేతులు కట్టుకుని కూర్చోవాలనడం మీద కోపం. నాకు కావాలనిపించిన రోజున నేనే అడుగుతాను. ఎవరైనా ముందుగా వచ్చి నన్ను అడిగితే, వాడు ఎంత మంచివాడైనా కాదంటాను. ఈ మాట ఊరందరికీ చెప్పాను, పుస్తకంలో కూడా రాశాను.”

ఓబెడ్ మైనం పట్టించిన దారానికే మళ్ళీ మైనం పట్టించాడు. “అయితే నేను అడగను లెండి. మాటిస్తున్నాను,” అన్నాడు.

“మంచిది,” అంది అక్క.

అంత మంచి మాట అనుకుని ఇద్దరూ మొహాలు వేలాడేసుకున్నారు.

ఫిబ్రవరిలో బోస్టన్ సంపాదకుడి ఉత్తరం వచ్చింది. అక్క నవలలో కథానాయిక తెరచాపల కుర్రాణ్ణి తనే పెళ్ళికి అడగబోతోంది. అలా అడిగిన ఆడదానికి ‘కాదు’ అనే జవాబే రావాలట, లేకపోతే చదివే ఆడపిల్లలు చెడిపోతారట. అక్క ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని మేడ అంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

“సరే, కాదంటే ఎలా ఉంటుందో చూద్దాం. ఓబెడ్ గారూ, నేను అడుగుతాను, మీరు కాదనండి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“చేసుకోను,” అన్నాడు ఓబెడ్, నేలకేసి చూస్తూ.

“అలా కాదు. పదిమంది వినేలా!”

“చేసుకోను!”

కెప్టెన్ చప్పట్లు కొట్టాడు. ఓబెడ్ వంగి సూది కోసం వెతకడం మొదలుపెట్టాడు. సూది అతని చేతిలోనే ఉంది.

ఆ ఏడాది లీపు సంవత్సరం. మా వైపు ఆనవాయితీ ఏమంటే, లీపు ఏడాదిలో ఆడది మగాణ్ణి పెళ్ళికి అడగొచ్చు. ఫిబ్రవరి ఆఖర్న మా ఊరి హాల్లో డాన్సు పెట్టేవాళ్ళు. ఆ సాయంత్రం లోకం తలకిందులు. మేమే మంచుబండ్లు తోలుకెళ్ళి మగాళ్ళని వాళ్ళ ఇళ్ళనుంచి తీసుకొచ్చేవాళ్ళం. వాళ్ళు విసనకర్రలు పట్టుకుని, గోడ వారగా కూర్చుని, తమనెవరు డాన్సుకి పిలుస్తారా అని ఎదురు చూడాలి. డ్రింక్‌వాటర్ కెప్టెన్ నెమలీకల విసనకర్ర వెనక నుంచి సిగ్గుపడుతుంటే మేము కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆడది అడిగాక మగాడు కాదంటే దానికో శిక్ష ఉంది. ఏడాది తిరిగేలోపు ఆమెకి పట్టు గౌను ఇవ్వాలి. ఆమె అదే హాల్లో, ఆ పదిమంది ముందే దాన్ని వేసుకుని చూపించాలి.

అక్క ఓబెడ్‌తో రెండు డాన్సులు చేసింది. ఫిడేలు ఆగింది. అందరూ ఆల్చిప్పల పులుసు దగ్గరికి కదలబోతున్నారు. అక్క కదల్లేదు.

“ఓబెడ్, నన్ను పెళ్ళి చేసుకుంటావా?”

నేను పక్కనే ఉన్నాను. అక్క అతన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. చేతిలో పెన్సిల్ లేదు. ఇవన్నీ నేను చూశాను. ఓబెడ్ చూడలేదు. అతనికి వారం కిందటి పాఠం గుర్తొచ్చింది. చుట్టూ చూశాడు, నావైపు కన్ను గీటాడు, ఛాతీ విరుచుకున్నాడు.

“చేసుకోను!”

పదిమంది కాదు, ఊరంతా విన్నది. “పట్టు గౌను! పట్టు గౌను!” అని హాలు దద్దరిల్లింది.

అక్క నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. అమ్మ పోయిన రోజు పలకరించడానికొచ్చిన వాళ్ళకోసం అదే నవ్వు నవ్వింది. “నీలం రంగు బాగుంటుంది,” అంది, అంతే.

ఆనవాయితీ ప్రకారం అతన్ని ఇంటి దగ్గర దింపాల్సింది కూడా తనే. మంచు మీద బండి మెత్తగా పోతోంది. ఓబెడ్ హుషారుగా అడిగాడు.

“బాగా చెప్పానాండీ?”

“చాలా బాగా చెప్పావు,” అంది అక్క.

ఆ తరవాత అక్క మేడ మెట్లు ఎక్కలేదు. నవలలో ఆఖరి అధ్యాయం రాయలేదు. బల్ల ముందు కూర్చునేది, కాగితం తెల్లగానే ఉండేది. కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి నేనే మేడ ఎక్కాను.

“అది అధ్యాయం కాదు, బుద్ధిలేని మనిషీ! నిజంగా అడిగింది!”

ఓబెడ్ మొహంలో రక్తం దిగిపోయింది. కోటు కూడా వేసుకోకుండా మంచులో పరిగెత్తాడు. నేను రొప్పుతూ ఇల్లు చేరేసరికి అతను మా వంటింటి గుమ్మంలో ఉన్నాడు. అత్త బీన్స్ ఏరుతోంది. అక్క పిండి కలుపుతోంది.

“నాకు తెలీలేదండీ. ఒట్టు. పాఠం అనుకున్నాను.”

“తెలుసు. లవీనా మొహం చూస్తేనే అర్థమవుతోంది, వాగేసిందని.”

“అయితే మళ్ళీ అడగండి!”

“ఎలా అడగను? నా కథల్లో ఏ ఆడదీ రెండుసార్లు అడగదు. బతిమాలినట్టుంటుంది.”

“పోనీ నేనే అడుగుతాను. థర్జా గారూ, మీరు…”

“ఆ మాట పూర్తి చెయ్యకు!” అక్క పిండి చేతులు ఎత్తేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. “నువ్వు అడిగితే నేను కాదనాలి. ఔనన్నాననుకో, రేపు ఈ ఊళ్ళో ప్రతి తల్లీ కూతురికి ఏం చెబుతుందో తెలుసా? ‘చూశావా, అంత రాసిన థర్జాకి కూడా అడిగితే జరగలేదు, చివరికి మగాడొచ్చి అడిగాడు’ అని. పదేళ్ళుగా రాసిందంతా నీళ్ళలో కలుస్తుంది. నాకు నువ్వు కావాలి ఓబెడ్. కానీ అది పోగొట్టుకుని కాదు.”

నేనైతే తలుపు పగలగొట్టేదాన్ని. అతను మాత్రం తల ఊపాడు.

“సరే. గౌను మాత్రం ఇస్తాను. నేనే కుడతాను.”

ఆ సాయంత్రం కెప్టెన్ తన పెట్టె అడుగునుంచి ఒక పట్టు తాను తీశాడట. సముద్రం రంగు నీలం. “చైనాలో కాంటన్ రేవు నుంచి తెచ్చాను, కుర్రతనంలో. ఒకామెకిచ్చి అడుగుదామనుకున్నా. ఇవాళ రేపు అంటుండగానే ఓడెక్కాల్సొచ్చింది. నేను అడగలేదు, ఆమె అడక్కూడదు. పట్టు మాత్రం మిగిలింది. కుట్టెయ్యరా,” అన్నాడట. కొలతలకి నేను అక్క పాత గౌను ఒకటి దొంగిలించి ఇచ్చాను.

ఓబెడ్ దాన్ని చాటుగా కుట్టలేదు. చాపల పని అయ్యాక వీధివైపు కిటికీ దగ్గర కూర్చుని, ఊరంతా చూస్తుండగా కుట్టాడు. కింద నావికులు ఆగి కూతలు పెట్టేవాళ్ళు.

“ఏ ఓడకిరా ఓబెడ్ ఆ నీలం చాప?”

“ఇంకా పేరు పెట్టలేదు!”

పాస్టరు గారి భార్య మేడ కిందికొచ్చి, “మగాడు గౌను కుట్టడమా, సిగ్గులేకపోతే సరి!” అంది.

కెప్టెన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “మీ తమ్ముడు వీడు కుట్టిన చాప నమ్ముకునే కదమ్మా దక్షిణాన ఆ తుపానుల హార్న్ అగ్రం చుట్టి వచ్చాడు! అప్పుడు ఆ సూది మగదా ఆడదా అని అడిగారా?”

వసంతం పోయింది, వేసవి పోయింది, మేపుల్ ఆకులు ఎర్రబడి రాలాయి. ఆ ఇద్దరూ చర్చిలో ఒకరినొకరు చూసుకుని తలలు తిప్పుకునేవాళ్ళు. లీపు ఏడాది అయిపోతే మళ్ళీ నాలుగేళ్ళు. అందరికంటే నాకే ఆత్రంగా ఉండేది.

డిసెంబరు ఆఖరి రోజు మధ్యాహ్నం హాల్లో చేరాం. ఓబెడ్ ఒక మూట తెచ్చాడు. పాత కాన్వాసులో చుట్టి, చాపతాడుతో కట్టాడు. అక్క దాన్ని తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది.

బయటికి వచ్చినప్పుడు నవ్వుదామని వచ్చినవాళ్ళు కూడా నవ్వలేదు. అంత బాగా కుదిరింది. డోర్కస్ అత్త దగ్గరికి వెళ్ళి ఆ పట్టుని వేళ్ళతో తాకి, “ఈ నీలం ఎక్కడిది?” అంది. కెప్టెన్ గబుక్కున కిటికీలోంచి వాతావరణం పరిశీలించాడు.

అక్క తల ఎత్తుకుని నడిచింది. ‘ఇదిగో వేసుకున్నాను, ఇక ఇళ్ళకి పోండి’ అన్నట్టుంది ఆ నడక. నడుస్తూ నడుస్తూ కుచ్చిళ్ళు సర్దుకోబోయింది. చెయ్యి లోపలికి పోయింది.

ఆగిపోయింది.

చెయ్యి ఇంకా లోపలికి పెట్టింది, మణికట్టు దాటి. రెండోవైపు చూసుకుంది. అటూ ఉంది. మెల్లగా జేబు లోపలి గుడ్డ బయటికి లాగింది. అది పట్టు కాదు. కాన్వాసు. దాని మీద నల్లటి మరక, చెరువు ఆకారంలో.

“ఇది… ఆ రోజుదేనా?”

“ఔను,” అన్నాడు ఓబెడ్.

“ఎందుకు దాచావు?”

“పారెయ్యబుద్ధి కాలేదు.”

“ఆ రోజు మనం తిట్టుకోవడం తప్ప ఏం చెయ్యలేదుగా!”

“నాకది చాలింది,” అన్నాడు. తరవాత దగ్గరికొచ్చి, పని గురించి చెబుతున్నట్టే చెప్పాడు. “ఇది సిరాబుడ్డికి. మైనం పట్టించాను, మూత ఊడినా కారదు. ఆ వైపుది కాగితాలకి. పక్కన సన్నటిది పెన్సిళ్ళకి. ఇక నీ రెండు చేతులూ ఖాళీ.”

హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అక్క రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

“ఖాళీ చేతులతో నేనేం చెయ్యాలి?”

“అది నేను చెప్పకూడదు. అడగనని మాటిచ్చాను.”

అక్క ఆ మరకని బొటనవేలితో రుద్దింది. ఎన్ని నెలలైనా అది పోతుందా! తల ఎత్తేసరికి మేడ మీద పోట్లాడిన నాటి అక్క మళ్ళీ కనబడింది.

“నా కథల్లో ఏ ఆడదీ రెండుసార్లు అడగదన్నాను కదూ?”

“అన్నావు.”

“కథలు రాసేది నేనేగా. ఏడాది పొడుగునా ఊరి వెక్కిరింపులు పడ్డ మనిషిని మళ్ళీ అడగడం బతిమాలడం కాదు. బుద్ధి ఉండటం.” రెండు చేతులూ ముందుకు చాపింది. “ఓబెడ్ పెటింగిల్, నన్ను పెళ్ళి చేసుకుంటావా? చెబుతున్నా విను, ఇది అధ్యాయం కాదు. నా దగ్గర పెన్సిల్ కూడా లేదు.”

“జేబులో ఒకటి పెట్టానే…”

“ఓబెడ్!”

“చేసుకుంటాను,” అన్నాడు. పక్కనే ఉన్నా ఆ మాట మాకే సరిగ్గా వినబడలేదు.

“అలా కాదురా!” అని కిటికీ దగ్గరనుంచి కెప్టెన్ అరిచాడు. “పదిమంది వినేలా!”

“చేసుకుంటాను!”

ఆ కేకకి చూరు మీద మంచు జారిపడింది. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. పాస్టరు గారి భార్య కూడా కళ్ళు తుడుచుకుంది. నేను చూశాను.

ఆ గోలలో డోర్కస్ అత్త చేతిలోని పిండివంటల పళ్ళెం బల్ల మీద పెట్టి, ఏప్రను సర్దుకుని, తిన్నగా కిటికీ దగ్గరికి నడిచింది.

“డ్రింక్‌వాటర్, ఆ పట్టు నాకోసం తెచ్చావు కదూ?”

ముసలాయన నోట్లో పైపు ఊగింది. “నీకోసమే, డోర్కస్.”

“నోరు తెరిచి చెప్పడానికి నలభై ఏళ్ళు పట్టిందా?” అత్త గోడ గడియారం వంక చూసింది. “పోనీలే. లీపు ఏడాది ఇంకా అయిపోలేదు.”

అక్క ఆఖరి అధ్యాయం ఆ వారమే బోస్టన్‌కి వెళ్ళింది. అందులో కథానాయిక రెండుసార్లు అడిగింది. సంపాదకుడు సణిగాడు, కానీ వేశాడు. ఆ తరవాత అక్క రాసిన నవలలన్నీ ఆ మేడ మీదే, మైనం వాసనలోనే రాసింది. ఎదురుగా ఓబెడ్ బావ కుడుతూ ఉండేవాడు. పాత్రలన్నీ అతనే వేసేవాడు, ఎప్పుడూ బాగా వెయ్యలేదు.

ఇప్పుడు ఆ మేడలో బొగ్గు నిలవ చేస్తున్నారు. అక్కా బావా కొండమీది చర్చి వెనక పక్కపక్కనే ఉన్నారు. గౌను నా పెట్టెలో ఉంది. తరవాతి లీపు ఏడాదిలో దాన్ని నేను వేసుకున్నాను. ఎవర్ని అడిగానో మీకెందుకు, మా ఆయన ఔనన్నాడు.

మొన్న నా మనవరాలు వచ్చి, వచ్చే ఫిబ్రవరిలో లీపు డాన్సుకి ఆ గౌను కావాలంది. అద్దం ముందు వేసుకుని, మొట్టమొదట చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని చూసుకుంది.